రెండో గేరు

మా మేనల్లుడికి ఈమధ్యనే ఉద్యోగం వచ్చింది. నాలుగైదు జీతాలు చేతబడ్డాక ఒక ఆదివారం పొద్దున్నే ఇంటికి వచ్చి, "మావయ్యా, నా దగ్గర 40,000 ఉన్నాయి. అందులో వచ్చే పాత మోటారుసైకిలు ఏది కొనాలో, ఎలా చూసి కొనాలో చెప్పు" అన్నాడు. మా బంధువర్గంలో నాకు బండ్ల సంగతి తెలుసునన్న పేరొకటి ఉంది. ఆ పేరు ఎలా వచ్చిందో నాకూ తెలియదు. పోగొట్టుకునే ప్రయత్నం మాత్రం ఎప్పుడూ చేయలేదు. కాఫీ తాగుతూ గంటసేపు చెప్పాను. వాడు శ్రద్ధగా ఫోనులో రాసుకున్నాడు. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి, "ఇవన్నీ చూశాక కూడా అమ్మేవాడు ఏదైనా దాచిపెడితే?" అని అడిగాడు.

ఏదో చెప్పి పంపేశాను. కానీ వాడు వెళ్ళాక పుస్తకాల బీరువా కింది అరలోంచి ఒక పాత నోటుపుస్తకం బయటికి తీశాను. నీలి అట్ట, గీతల కాగితాలు, అట్టమీద ఇంజనాయిలు అంటిన నల్లని బొటనవేలి ముద్ర. ఆ ముద్ర నాది కాదు. నిజం చెప్పాలంటే ఆ పుస్తకమూ నాది కాదు.

* * *

అది 1999. విజయవాడలో పాఠ్యపుస్తకాలు పంపిణీ చేసే ఒక సంస్థలో గుమాస్తాగా చేరి అప్పటికి ఏడాదిన్నర అయింది. ఏలూరు రోడ్డు పుస్తకాల దుకాణాలకు పెట్టింది పేరని మీకు తెలిసే ఉంటుంది. ఆ దుకాణాల వెనక సందుల్లో గోదాములుంటాయి. వాటిలో ఒకదానిలో కట్టలు విప్పడం, లెక్కపెట్టడం, మళ్ళీ కట్టడం నా పని. జీతం 2,400. సత్యనారాయణపురంలో మరో ఇద్దరితో కలిసి ఒక గదిలో ఉండేవాడిని.

ఊళ్ళ వెంట బడులకు తిరిగి, నమూనా ప్రతులు చూపించి, ఆర్డర్లు తెచ్చే పని ఒకటి ఆ సంక్రాంతికి ఖాళీ అయింది. దానికి జీతం 800 ఎక్కువ, పెట్రోలు ఖర్చు వేరే. నేను అడిగాను. మా యజమాని కళ్ళజోడు పైనుంచి చూసి, "ఇస్తానయ్యా, ఇవ్వకేం? బండి ఉందా? మార్చి ఆఖరుకల్లా బండిమీద రా, ఆ పని నీది. లేదంటే ఇంకెవరినైనా చూసుకుంటాను" అన్నారు. ఆయన అన్నదాంట్లో అన్యాయమేమీ లేదు. బడులు తెరిచే జూన్‌కు ముందే ఆర్డర్లన్నీ చేతికి రావాలి. బస్సుకోసం రోడ్డుమీద నిలబడేవాడివల్ల అయ్యే పని కాదది.

నా దగ్గర ఉన్నది 7,500. ఆ డబ్బుతో కొత్త బండి ఆలోచనే లేదు. అప్పట్లో కొత్త హీరో హోండా స్ప్లెండర్ కావాలంటే 40,000కు అటూ ఇటూ అయ్యేది. వాయిదాలమీద తీసుకుందామంటే మా నాన్నకు అప్పు అన్న మాటే గిట్టదు. ఆయన దుగ్గిరాల దగ్గర ఒక బియ్యం మిల్లులో గుమాస్తా. జీవితమంతా సైకిలుమీదే తిరిగినవాడు. సంగతి చెబితే, "మోటారుసైకిలు దేనికిరా? స్కూటరైతే కాళ్ళదగ్గర బియ్యం మూట పెట్టుకోవచ్చు. పంక్చరైతే వెనక స్టెప్నీ ఉంటుంది. స్టెప్నీ లేని బండీ ఒక బండేనా?" అన్నారు. అమ్మ మాత్రం మాట్లాడకుండా తన 5,000 చీటీని ఆ నెలే పాడేసింది. తోసుబాటు పోను చేతికి వచ్చినవి 4,300. ఆదివారం సాయంత్రం నేను బస్సుకు బయలుదేరుతుంటే నాన్న చొక్కా జేబులోంచి ఒక కవరు తీసి నా సంచిలో పెట్టారు. "పెంకులు వచ్చే ఏడు సర్దించుకోవచ్చులే" అన్నారు. అందులో 2,500 ఉన్నాయి. వానలకు ముందు ఇంటి కప్పు బాగుచేయించడానికి దాచిన డబ్బు అది.

మొత్తం 14,300. ఆ అంకెను గదిలో గోడమీద పెన్సిలుతో రాసుకున్నాను.

* * *

మా వీధి చివర, రావిచెట్టు కింద ఒక మెకానిక్ ఉండేవాడు. అందరూ మేస్త్రీ అనేవారు. షెడ్డూ లేదు, బోర్డూ లేదు. ఒక చెక్కపెట్టె, ఒక కిరసనాయిలు డబ్బా, పాత గుడ్డలు. నా లెక్క చెప్పగానే ఆయన తల అడ్డంగా ఊపి, "14,300 ఉంటే 14,300 బండి చూడకూడదు తమ్ముడూ. 12,000, 12,500 దాకా చూడు. మిగతాది బండే అడుగుతుంది" అన్నాడు. పాత బండి కొనేవాళ్ళకు ఇంతకు మించిన ఆర్థికశాస్త్రం ఉందని నేననుకోను. అప్పుడు మాత్రం ఆ మాట నాకు రుచించలేదు. ఎందుకంటే నా మనసు అప్పటికే ఒక యమహా ఆర్‌ఎక్స్ 100 మీద పడి ఉంది.

ఆ రోజుల్లో ఇరవైరెండేళ్ళ వాళ్ళకు ఆ బండిమీద ఎంత మోజో ఇప్పుడు చెబితే నమ్మడం కష్టం. దాని చప్పుడు వీధి మలుపు తిరగకముందే వినిపించేది. తయారీ అప్పటికే ఆగిపోవడంతో పాతవాటికి ఇంకా గిరాకీ పెరిగింది. బందరు రోడ్డులో ఒక ఆటో కన్సల్టెన్సీ ముందు నల్లది ఒకటి నిలబెట్టారు. అద్దంలా మెరుస్తోంది. 14,000కు ఇస్తామన్నారు. మేస్త్రీని బతిమాలి తీసుకెళ్ళాను. ఆయన బండిని చూడకముందే ఇంజనుమీద అరచెయ్యి ఆనించాడు. వెంటనే తీసి నావైపు తిరిగి, "వేడిగా ఉంది. మనం వస్తున్నామని తెలిసి ముందే స్టార్టు చేసి పెట్టారు. చల్లటి ఇంజను తొందరగా అందుకోదన్నమాట" అన్నాడు.

ఆ తర్వాత ఒక్కొక్కటే చూపించాడు. మీటరులో 22,000 కిలోమీటర్లే ఉంది. కానీ కిక్ రాడ్డు రబ్బరు, కాళ్ళు పెట్టుకునే రబ్బర్లు నున్నగా అరిగిపోయాయి. మీటరు తిప్పగలరు గానీ రబ్బరు అరుగుదలను తిప్పలేరు కదా. వెనక చక్రం దగ్గర చైనును వేళ్ళతో పట్టి వెనక్కి లాగితే స్ప్రాకెట్ పళ్ళు సగం బయటపడ్డాయి. వాటి కొసలు కొడవలిలా వంగి ఉన్నాయి. సెంటరు స్టాండు వేసి, ముందు చక్రం పైకి లేపి, హ్యాండిలు మెల్లగా తిప్పితే సరిగ్గా మధ్యలో ఒకచోట ఠక్కున ఆగింది. కోన్‌సెట్ పోయిందట. ఆర్‌సీ పుస్తకం తెరిస్తే ఎవరో ఫైనాన్స్ కంపెనీ దగ్గర తాకట్టు ఉన్నట్టు ముద్ర. అప్పు తీరినట్టు కాగితం అడిగితే, "వారంలో తెప్పిస్తాం" అన్నారు. పైన పటారం, లోన లొటారం. ఆ రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు. మోసపోబోయినందుకు కాదు. ఇవన్నీ తెలిశాక కూడా ఆ బండి కావాలనిపిస్తున్నందుకు.

ఫిబ్రవరి అయిపోయింది. మార్చిలో రెండు వారాలు గడిచాయి. చూసిన బండ్లలో కొన్నింటికి నా డబ్బు చాలదు. చాలినవాటిని మేస్త్రీ ఒప్పుకోడు. ఒకదాని సైలెన్సరు గొట్టంలో వేలుపెట్టి తిప్పి, నూనె జిడ్డుతో నల్లబడ్డ వేలు చూపించి, "ఇది ఆయిలు తాగుతోంది. ఇంజను బోరుకొచ్చింది" అన్నాడు. ఇంకొకదానికి ఛాసిస్ నంబరు మీద కాగితం పరిచి పెన్సిలుతో రుద్దితే వచ్చిన అంకెలు ఒకటి, పుస్తకంలో ఉన్నవి ఒకటి. మేం మాట్లాడకుండా అక్కడినుంచి వచ్చేశాం.

* * *

చివరికి మా సంస్థకు పుస్తకాలకోసం వచ్చే ఒక ఉపాధ్యాయుడి ద్వారా తెలిసింది. పటమటలో విశ్రాంత లెక్కల మాస్టారు ఒకాయన తన హీరో హోండా సీడీ 100 అమ్ముతున్నారట. 1990 మోడలు. 1985లో ఆ బండి వచ్చినప్పుడు మైలేజీ అన్న మాట మధ్యతరగతి ఇళ్ళలో భోజనాల దగ్గర కూడా వినిపించేదని పెద్దవాళ్ళు అనేవారు. చూడటానికి గంభీరంగా ఏమీ ఉండదు. నలుచదరపు దీపం, సన్నటి చక్రాలు. చప్పుడు కూడా ఎవరికీ ఇబ్బంది కలగకుండా దగ్గినట్టుంటుంది. నాకు దానిమీద ఏ మోజూ లేదు. గడువు మాత్రం పదిహేను రోజులే ఉంది.

మాస్టారు బండిని వేపచెట్టు కింద నిలబెట్టి పైన పాత దుప్పటి కప్పి ఉంచారు. మేస్త్రీ అలవాటుగా ఇంజనుమీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది. మాస్టారు నవ్వి, "నేనూ అదే అనుకున్నాను, చల్లగా ఉండగా చూడండి" అన్నారు. రెండో కిక్కుకు అందుకుంది. మేం ఇంకా చుట్టూ తిరుగుతుండగానే ఆయన లోపలికి వెళ్ళి నీలి అట్ట నోటుపుస్తకం ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు.

అందులో తొమ్మిదేళ్ళ బండి జీవితం ఉంది. ఏ తేదీన ఎన్ని లీటర్లు పోయించారు, మీటరు ఎంత ఉంది, లీటరుకు ఎంత వచ్చింది, ఆయిలు ఎప్పుడు మార్చారు, ప్లగ్గు ఎప్పుడు మార్చారు. అన్నీ నిటారు అక్షరాలతో, నల్ల సిరాతో. అక్కడక్కడ మాత్రం ఎర్ర సిరాతో గీతలు. మొదట నాకు అర్థం కాలేదు. ఆయనే చదివి చెప్పారు.

"1996లో వారధి మీద ఇసుకలో జారి పడ్డాను. హ్యాండిలు వెంట్రుకవాసి ఎడమకు ఉంటుంది. కొత్తవాళ్ళకు వారం పడుతుంది. ముందు షాకబ్జరు సీలు కారుతోంది, నెల అయింది. ఇక ఇది ముఖ్యమైనది. రెండో గేరు జారుతుంది. ఎప్పుడూ కాదు. ఎత్తు ఎక్కేటప్పుడు, వెనక మనిషి ఉన్నప్పుడు. మావాడు దీనిమీదే నేర్చుకున్నాడు. క్లచ్ పూర్తిగా పట్టకుండా గేర్లు తన్నేవాడు."

మేస్త్రీ వివరించాడు. గేరుచక్రాలు ఒకదాన్నొకటి పట్టుకునే చోట కొక్కేల్లాంటి అంచులుంటాయి. అవి పదునుగా ఉన్నంతకాలం పట్టు విడవవు. అంచులు గుండ్రంగా అరిగాయంటే బరువు పడినప్పుడు జారిపోతాయి. ఇంజను ఉత్తినే రొదపెడుతుంది, చక్రం తిరగదు. బాగుచెయ్యాలంటే ఇంజను కిందికి దింపి రెండు చెక్కలుగా విప్పాలి. "1,200 అవుతుంది. ఇప్పుడే చెయ్యక్కరలేదు, రెండేళ్ళు ఈడ్చుకురావచ్చు" అన్నాడు.

మాస్టారు ముందు చెప్పిన ధర 14,000. "అయితే 1,200 తీసెయ్. 12,800 ఇవ్వు" అన్నారు. నేనింకా తగ్గించమని అడగబోతే చెయ్యి అడ్డంపెట్టి, "దాచిన లోపానికి బేరమాడాలి గానీ, చెప్పినదానికి నేనే తగ్గించానుగా అబ్బాయ్" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. మేస్త్రీ ఆయనతో, "ఇవన్నీ చెప్పకపోతే ఇంకో వెయ్యి ఎక్కువే వచ్చేది మాస్టారూ" అన్నాడు. మాస్టారు నోటుపుస్తకం మూసి, "నలభై ఏళ్ళు ఊళ్ళో పిల్లల లెక్కల్లో తప్పుల కింద ఎర్రగీతలు గీశాను. నా బండిదగ్గరికి వచ్చేసరికి సిరా అయిపోయిందంటే ఎలా?" అన్నారు.

డబ్బు లెక్కపెట్టి ఇచ్చాను. 29, 30 నంబరు ఫారాలమీద ఆయన తన పూర్తి పేరుతో, ప్రతి సంతకం ఒకేలా వచ్చేట్టు నెమ్మదిగా సంతకాలు పెట్టారు. నోటుపుస్తకం నాకు ఇచ్చేస్తూ, "ఇది బండితో పాటు వెళ్ళాలి" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. నీతో ఉంచుకో అనలేదు. బండితో పాటు వెళ్ళాలి అన్నారు.

* * *

మిగిలిన 1,500 మేస్త్రీ చెప్పినట్టే బండి అడిగింది. పేరు మార్పిడికి, బీమాకు కలిపి 700. చైను, స్ప్రాకెట్లు 400. సీళ్ళు, ఆయిలు 150. క్లచ్ వైరు, ప్లగ్గు, ఒక బల్బు 100. చివరికి 150 రూపాయలు మిగిలాయి. అందులోంచే ఇంద్రకీలాద్రి మెట్లదగ్గర కొబ్బరికాయ కొట్టించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి, మిగతాది పెట్రోలు పోయించాను. మార్చి 29న బండిమీద ఏలూరు రోడ్డు చేరాను. యజమాని బయటికి వచ్చి చూసి, "దీనికంటే మంచిది దొరకలేదా?" అన్నారు. తర్వాత ఆయనే లోపలికి వెళ్ళి నమూనా ప్రతుల సంచి తెచ్చి నా భుజానికి తగిలించారు.

ఆ ఆదివారం మొదటిసారిగా బండిమీద ఇంటికి వెళ్ళాను. ప్రకాశం బ్యారేజీ దాటి, కాలవ వెంట దుగ్గిరాల వైపు. అది పసుపు పంట వచ్చే కాలం. యార్డు దగ్గరికి వచ్చేసరికి గాలంతా పసుపు వాసన. బస్సు కిటికీలోంచి వందసార్లు ఆ దారిన వెళ్ళినా ఆ వాసన అంత నిండుగా ఎప్పుడూ తగల్లేదు. నాన్న బండి చుట్టూ ఒకసారి తిరిగి, స్టెప్నీ లేదన్న సంగతి మరోసారి రూఢి చేసుకున్నారు. ఎక్కమంటే ఎక్కలేదు. మర్నాడు పొద్దున నేను బయలుదేరబోతుంటే మాత్రం, "మిల్లు దాకా దింపుతావా?" అన్నారు. నా భుజంమీద చెయ్యి వెయ్యాలా వద్దా అని కాసేపు తటపటాయించి చివరికి వేశారు. కాలవ వంతెన ఎక్కుతుంటే రెండో గేరు జారి ఇంజను గట్టిగా అరిచింది. నాన్న చెయ్యి నా భుజాన్ని పట్టేసింది. "దానికి అది అలవాటే నాన్నా, మాస్టారు చెప్పారు" అన్నాను. "చెప్పాడా? అయితే మంచివాడే" అన్నారు నాన్న.

ఆ ఏడు వానాకాలంలో మా వంటింట్లో మూడుచోట్ల గిన్నెలు పెట్టాల్సివచ్చిందని అమ్మ దసరాకు వెళ్ళినప్పుడు గానీ చెప్పలేదు.

బండి నన్ను అయిదేళ్ళకు పైగా మోసింది. నూజివీడు, గుడివాడ, తిరువూరు, అవనిగడ్డ, జిల్లాలో నేను చూడని బడి లేదు. మొదటి ఏడాది నోటుపుస్తకంలో నేనూ తేదీలు రాశాను. రెండో ఏడాది నెలకొకసారి రాశాను. తర్వాత మానేశాను. గేరు మాత్రం బాగుచేయించలేదు. 1,200 చేతిలో ఉన్నప్పుడు తీరిక ఉండేది కాదు. తీరిక ఉన్నప్పుడు చేతిలో డబ్బుండేది కాదు. మెల్లగా ఒక ఉపాయం అలవాటైంది. మొదటి గేరులోనే కొంచెం ఎక్కువ లాగి, రెండోదాన్ని తగిలీ తగలకుండా దాటించి, మూడోదానికి వెళ్ళిపోవడం. కొన్నాళ్ళకు ఆ బండికి రెండో గేరు ఉందన్న సంగతే మరిచిపోయాను.

* * *

2004లో నా జీతం పెరిగింది. పెళ్ళి కుదిరింది. వాయిదాలమీద కొత్త బండి తీసుకున్నాను. కృష్ణా పుష్కరాలకు ముందు ఊరంతా రోడ్లు తవ్వి వేస్తున్న రోజులవి. పాతబండిని అమ్మకానికి పెట్టి మేస్త్రీని అడిగాను. "గేరుపని చేయించి అమ్మితే 8,500 వస్తాయి. ఇప్పుడు ఆ పనికి 1,800 అవుతుంది. చేయించకపోతే ఆ సంగతి చెప్పి 6,700కు ఇచ్చెయ్" అన్నాడు. తర్వాత కొంచెం ఆగి, "వచ్చినవాడు నన్ను అడిగితే నేను అబద్ధం చెప్పను తమ్ముడూ" అన్నాడు.

వచ్చినవాడు ఆయన్ను అడగలేదు. మెకానిక్‌ను వెంటబెట్టుకోకుండా ఒక్కడే వచ్చాడు. ఇరవై ఏళ్ళుంటాయేమో. మైలవరం వైపు పల్లెటూరు. మందుల దుకాణాలకు సరుకు చేరవేసే పనిలో చేరాడట. బండి ఉంటేనే ఉంచుకుంటామన్నారట. ఈ మాట విన్నప్పుడైనా నాకు ఏదో ఒకటి అనిపించి ఉండాల్సింది. అనిపించింది కూడా. కానీ నేను 8,500 అనేశాను. అతను బండిని చూసిన తీరులోనే దాని గురించి ఏమీ తెలియదని తెలిసిపోయింది. టైరును కాలితో తట్టాడు. అద్దంలో మొహం చూసుకున్నాడు. నడిపి చూస్తానంటే, "ఈ బండికి మొదటి గేరు నుంచి తొందరగా మూడోదానికి వేసేస్తే హాయిగా ఉంటుంది" అని సలహా ఇచ్చాను. లోపాన్ని సలహాగా మార్చి చెప్పడం ఎంత సులభమో ఆ రోజే తెలిసింది. అతను వీధి చివరిదాకా వెళ్ళివచ్చాడు. చదునైన వీధి.

"ఇంకేమైనా చెప్పాలా అన్నా?" అని అడిగాడు.

"ఏముంటుంది, చూస్తున్నావుగా. బంగారంలా నడుస్తుంది" అన్నాను.

అతను రుమాలు మూట విప్పాడు. అందులో 8,000 ఉన్నాయి. "అయిదు వందలు తక్కువున్నాయన్నా, వచ్చే నెల ఇచ్చేస్తాను" అన్నాడు. నేను చాలా ఉదారంగా, "అక్కర్లేదులే" అన్నాను. అతను మూడుసార్లు కృతజ్ఞతలు చెప్పాడు.

నోటుపుస్తకం మేజాబల్ల సొరుగులో ఉంది. అది ఇవ్వాలంటే మాస్టారు ఎర్రగీత గీసిన ఆ పేజీ కూడా ఇవ్వాలి. సొరుగు తెరవలేదు.

పది రోజుల తర్వాత ఆఫీసుకు ఫోను వచ్చింది. ఏదో ఎస్‌టీడీ బూతు నుంచి. "అన్నా, ఘాటుదారిలో రెండో గేరు జారిపోతోంది. మీ దగ్గర ఉన్నప్పుడు కూడా అలా ఉండేదా?"

ఫోను చుట్టూ నలుగురున్నారు. "లేదే, నా దగ్గరున్నప్పుడు అలాంటిదేమీ లేదు" అన్నాను.

అవతల కొంచెంసేపు చప్పుడు లేదు. తర్వాత అతను అన్నాడు: "అయితే నాకే నడపడం రావట్లేదేమో అన్నా. కొత్తకదా, నేనే ఏదో పాడుచేసుంటాను." క్షమాపణ చెప్పినట్టుగా చెప్పి ఫోను పెట్టేశాడు.

అతను నన్ను తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాడినేమో. తప్పు తనదేనన్నాడు. మాస్టారి కొడుకు చేసిన అరుగుదల, నేను అయిదేళ్ళు వాయిదావేసిన మరమ్మతు, రెండూ కలిపి ఆ కుర్రాడు తన ఖాతాలో రాసుకున్నాడు. ఫారాల నకళ్ళలో అతని చిరునామా నా దగ్గర ఉంది. వెళ్ళవచ్చు. 1,800 ఇచ్చిరావచ్చు. అప్పటికి నాకది పెద్ద మొత్తం కాదు. వెళ్ళలేదు. 2006లో ఒకసారి పనిమీద ఆ వైపు వెళ్ళినప్పుడు ఆ గది వెతికి పట్టుకున్నాను. ఖాళీ చేసి చాలాకాలమైందని, ఎక్కడికి వెళ్ళాడో తెలియదని ఇంటివాళ్ళు చెప్పారు. నిజం చెప్పొద్దూ, ఆ మాట వినగానే లోపల ఎక్కడో హాయిగా అనిపించింది. ఆ హాయికి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

* * *

మా మేనల్లుడికి నేను చెప్పిన గంటసేపటి పాఠమంతా మేస్త్రీ నేర్పిందే. చల్లటి ఇంజను, అరిగిన రబ్బర్లు, చైను, కోన్‌సెట్, సైలెన్సరు మసి. కొన్ని మారాయి. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బండ్లలో చాలావాటికి కార్బొరేటరు లేదు. కొన్నింటికి కిక్ రాడ్డే లేదు. యజమాని ఎవరు, బీమా ఎప్పటిదాకా ఉంది, అప్పు తీరిందా లేదా అన్నవి ఇప్పుడు ఫోనులోనే చూసుకోవచ్చు. ఆ రోజు బందరు రోడ్డులో ఈ సౌకర్యం ఉంటే మాకు ఒక పూట ఆదా అయ్యేది. మారనిది ఒకటే. అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియనిది ఒకటి ఎప్పుడూ ఉంటుంది. అది ఏ ఫోనులోనూ కనిపించదు. డబ్బున్నవాడికి దానివల్ల చిరాకు కలుగుతుంది, అంతే. ఉన్నదంతా మూటగట్టి తెచ్చినవాడికి మాత్రం అది ఇంటి పెంకులు, అమ్మ చీటీ, ఉద్యోగం.

నిన్న రాత్రి వాడికి ఫోను చేశాను. "మొన్న అడిగావే, దాచిపెడితే ఏం చెయ్యాలని. కొనేటప్పుడు నువ్వు చెయ్యగలిగింది తక్కువరా. అమ్మేటప్పుడు మాత్రం చాలా ఉంది" అన్నాను. "అమ్మడం గురించి ఇప్పుడెందుకు మావయ్యా, ఇంకా కొననే లేదుగా" అని నవ్వాడు వాడు. నిజమే. నేను కూడా ఆ రోజు వేపచెట్టు కింద నిలబడి కొనడం గురించే ఆలోచించాను.

నోటుపుస్తకం మళ్ళీ బీరువాలో పెట్టబోతూ చివరిసారి రాసిన పేజీ తిరగేశాను. ఎర్రగీత ఇంకా వెలిసిపోలేదు. దాని కింద ఇరవై ఏళ్ళకు పైగా ఖాళీగా ఉన్న గీతలమీద, నల్ల సిరాతో, 2004లో రాయాల్సిన రెండు ముక్కలు రాశాను: రెండో గేరు ఇంకా జారుతోంది. నడిపేవాడి తప్పు కాదు.